కరుణ కుడికన్ను

“ఏం టీచరమ్మా! మా పోరిని ఎందుకు ఏడిపించినవ్?”

గుజరాతీల ఊరు వడోద్‌లో ఒక డాబా మీదికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చిన కమలాకర్, ఆయాసపడుతూ అడిగాడు.

“ముందుగాల మాస్కు పైకి గుంజుకోండ్రి. తర్వాత కొట్లాడుండ్రి,” అంది సంగీత.

కరోనాతో బడులు మూతపడ్డాక, వలస వచ్చి మగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్ల పిల్లలకు ఆమె ఇక్కడే పాఠాలు చెబుతోంది. ఆ రోజు పాఠం చూపు గురించి. పిల్లలు ఒక కన్ను మూసుకుని, రెండు పెన్సిళ్ల మొనలు కలపాలని చూస్తున్నారు. తప్పినప్పుడల్లా ఒకటే నవ్వులు. కమలాకర్‌కు అన్న కూతురైన ఆరేళ్ల కరుణ మాత్రం ఎడమకన్ను మూయగానే భయపడి ఏడ్చేసింది.

“ఆమె కుడికన్నుకు సక్కగ కనవడ్తలేదు. దవాఖానల చూపియ్యుండ్రి.”

“పాగలైనవా? గంత దూరంకెల్లి బస్సు నంబర్ చదువుతది మా పిల్ల!”

“రెండు కండ్లతోనా, ఒక్కదానితోనా?”

అతను మెట్లు దిగిపోయాడు. ఇంట్లో కాలు నిలవలేదు. కరుణ ఎడమకన్ను అరచేత్తో మూసి, వేళ్లు చూపించి ఎన్నని అడిగాడు.

“మబ్బు మబ్బుగున్నది కాకా,” అంది పిల్ల.

తెల్లారగానే మళ్లీ డాబా ఎక్కాడు.

“నాకు గుజరాతీ అంతగ రాదు. జర మాతోని దవాఖానకు రా.”

డాక్టరు కళ్లద్దాలు రాశాడు. రోజూ కాసేపు మంచి కన్నుకు పట్టీ వేసి, రెండో కంటికి పని చెప్పమన్నాడు. చిన్న వయసే కాబట్టి మెరుగుపడుతుందన్నాడు.

బయటికొచ్చాక కమలాకర్ నేలకేసి చూస్తూ “సారీ” అన్నాడు.

“ఏ కన్నుతో చూసి చెప్తున్నరు?” మాస్కు పైన ఆమె కళ్లు నవ్వాయి.

అప్పట్నుంచి సంగీత రోజూ సాయంత్రం వచ్చి, పట్టీ వేసిన కరుణతో పూసలు గుచ్చించేది. షిఫ్టుకు పోవాల్సిన కమలాకర్ చెప్పులు వెతుక్కుంటూ జాగు చేసేవాడు.

“కాళ్ల కాడనే ఉన్నయి గదరా!” అనేది అతని తల్లి చిన్నవ్వ.

ఇంతలో కరోనా మళ్లీ ముదిరింది. ఒక సాయంత్రం సంగీత రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వీధిలో అంబులెన్స్ కూత వినబడితే చాలు, అతను బయటికి ఉరికేవాడు. మగ్గం మీద దారాలు తెగుతున్నా చూసుకోలేదు. చివరికి వేసవి వానలో తడుస్తూ పోయి సంగీత ఇంటి కింద నిలబడి పిలిచాడు. కిటికీ తెరుచుకుంది.

“మా బాపుకు కరోనా. జరం ఇయ్యాల్నే దిగింది. మీరు పోండ్రి ఈడికెల్లి!”

“పోత. ఒక్క మాట చెప్పి పోత. నువ్వు కనవడకుంటే నాకు పానం ఆగుతలేదు సంగీతా. లగ్గం చేసుకుందామా?”

కిటికీ మూసుకుంది.

అతను వానలో అటూ ఇటూ తిరిగాడు. వెళ్లలేడు, మళ్లీ పిలవలేడు. కాసేపటికి కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి. సంగీత పక్కన రగ్గు కప్పుకుని ఆమె తండ్రి బుచ్చిరాములు.

“ఏం పిలగా,” నీరసంగా పిలిచాడాయన. “నా బిడ్డకు గూడ ఇష్టమేనట. నేను కోలుకున్నంక మీ అవ్వను తోల్కరా. ఇగ ఇంటికి పో.”

“ఇంక నిలవడ్డవేంది? పో!” అంది సంగీత, కళ్లు తుడుచుకుంటూ.

“పోతున్న,” అన్నాడు కమలాకర్, కదలకుండానే.