తువాలు కింద చెయ్యి

1962. పెనుకొండ బంగళాలో నిఘా విభాగం చీఫ్ మారప్ప ఒక ఫొటోను బల్ల మీదికి తోశాడు.

“కృష్ణమోహన్. జర్మనీలో చదివినాడు. ఆడుండే పాత నాజీల ముఠా వీనికి దుడ్లు పంపిస్తాండాది. రేపు పది గంటలకు హిందూపురం పట్టుగూళ్ళ సంతలో బాంబు. మూడొందల మంది ఉంటారప్పా.”

“సంతలో ఎందుకు సార్?” అన్నాడు ఏజెంట్ అంజనప్ప.

“అమ్మే రైతులు హిందువులు, కొనేది సాయిబులు. ఒకే తువాలు కింద చేతులు కలిపి బేరమాడితే జాతి మైలపడుతుందంట. భయపెడితే ఎవరి సంత వాళ్ళు పెట్టుకుంటారని వాని లెక్క.”

జవాబు అంజనప్ప సగమే విన్నాడు. ఫొటోలో కృష్ణమోహన్ మోచెయ్యి పట్టుకుని నవ్వుతున్నది కమలాక్షి. ముఠాలో చేరిన మన డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా అంజనప్ప ప్రాణమంతా ఆమె మీదే.

“డ్యూటీ అప్పా అది,” అన్నాడు మారప్ప. “బాంబు ఏ గంపలో ఉండాదో రేపు సంతలో నీకు చెప్పేది ఆయమ్మే.”

డ్యూటీకి అంత నవ్వెందుకు? అంజనప్ప కడుపు మండిపోయింది.

మర్నాడు రైతు వేషంలో గూళ్ళ గంప ముందు నిలబడ్డాడు. తొమ్మిదీ యాభైకి ధర్మవరం చీరల వ్యాపారిలా కమలాక్షి వచ్చింది. పక్కనే సూటులో కృష్ణమోహన్.

“కారు కాడికి పోదాం పా,” అన్నాడు వాడు.

“ఒక్క బేరమన్నా ఆడకపోతే అనుమానపడతారు,” అంటూ ఆమె అంజనప్ప తువాలు కింద చెయ్యి పెట్టింది. ఈ సంతలో ధర నోటితో చెప్పరు, వేళ్ళు పట్టి చెబుతారు. సాయిబుల చేతులూ దూరే ఆ ‘మైల’ తువాలును చూడలేక కృష్ణమోహన్ ముఖం తిప్పుకున్నాడు.

ఆమె మూడు వేళ్ళు పట్టి, ఆగి, రెండు పట్టింది. మూడో వరుస, రెండో గంప.

ఆమె వెళ్ళిపోయింది. అంజనప్ప కదల్లేదు. వాణ్ణి పట్టుకున్న చెయ్యే కదా ఇదీ. తనను చంపడానికే పంపుతోందేమో. కానీ నోరు బొంకినా తువాలు కింద చెయ్యి బొంకదని సంతలో ముసలివాళ్ళంటారు. పరుగెత్తాడు.

గూళ్ళ అడుగున గడియారం. తీగ పీకేసరికి ఇంకా నాలుగు సెకన్లే ఉన్నాయి. గేటు దగ్గర మఫ్టీ పోలీసులు కృష్ణమోహన్‌కు బేడీలు వేశారు.

కమలాక్షి తిరిగొచ్చింది. “అంతసేపు ఏం ఆలోచిస్తా నిలబడినావు?”

“వాని చెయ్యీ ఇట్లే పట్టుకుంటావా అని.”

ఆమె సంత వైపు చూసింది. “ఇంతమంది చచ్చుండేవాళ్ళు కదప్పా, నీ కుళ్ళుకు.”

అంజనప్ప సిగ్గుతో తల వంచుకున్నాడు.

వారానికి, నిందితుణ్ణి గుర్తుపట్టడానికి కమలాక్షిని జైలుకు పంపమని కబురొచ్చింది. ఆమె అక్కర్లేదు, తానొక్కడు చాలునని అంజనప్ప మూడు పేజీల రిపోర్టు రాశాడు.