వంకర అద్దం

గడ్డం గీయించుకోవడానికి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి మళ్ళీ లేవలేదు.

బార్బర్ అతని ముఖం మీద వేడి తువ్వాలు కప్పి, కత్తి నూరుకోవడానికి అటు తిరిగాడు. తువ్వాలు తీసేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు మాత్రం లేదు. మెడ మీద సూదిమొనంత ఎర్రటి చుక్క. వెనక బల్ల మీద పేపరు చదువుకుంటూ తన వంతు కోసం కూర్చున్న పెద్దమనిషి అప్పటికే లేడు. ఆయన ముఖం బార్బర్‌కి గుర్తు లేదు. అంత ఎండలోనూ ఎడమ ముంజేతికి గొడుగు తగిలించుకుని వచ్చాడని మాత్రం చెప్పాడు.

ఆ సంగతి చీఫ్ నోట వింటూ నత్త కదలకుండా కూర్చున్నాడు.

సీక్రెట్ సర్వీస్‌లో అతన్ని అందరూ నత్త అనే పిలుస్తారు. అతను పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు. గబగబా మాట్లాడగా విన్నవాళ్ళు అసలే లేరు. ఈ ఉద్యోగానికి రాకముందు జనానికి కారు నడపడం నేర్పేవాడు.

"పోయినవాడు కందిరీగని తయారుచేసిన డిజైనర్" అన్నాడు చీఫ్. "దాన్ని నడిపేవాడూ ఆయనే."

కందిరీగ స్పోర్ట్స్ కారు. పసుపు రంగు, నల్ల చారలు, సన్నటి నడుము. ప్రభుత్వ లాబొరేటరీలో పుట్టిన కొత్త లోహంతో దాని ఒళ్ళంతా పోతపోశారు. లోకంలో అలాంటిది ఇంకొకటి లేదు. అది సరిహద్దు దాటితే లోహం రహస్యమూ దాటినట్టే.

"గొడుగాయన దాని కోసమే వచ్చాడు" అన్నాడు చీఫ్. "పరాయి దేశం డబ్బు, సొంత ముఠా. వాడి ముఖం చూసినవాళ్ళెవరూ మనకి చెప్పడానికి మిగల్లేదు. కందిరీగని తోసుకుపోవడం కుదరదు. చక్రాలకి లాక్ ఉంది. అది విప్పే స్విచ్ ఎక్కడుందో ఇద్దరికే తెలుసు. ఒకడు కుర్చీలో పోయాడు."

"రెండో మనిషి?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సీతాకోక."

నత్త చేతిలో టీ కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగిపోయింది. సీతాకోక అతని భార్యకి చెల్లెలు. డ్రైవింగ్ నేర్పిందీ అతనే, ఈ ఆఫీసుకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిందీ అతనే.

"కారు పక్కన నిలబడి జనానికి చూపించే డెమాన్‌స్ట్రేటర్‌గా నేనే పెట్టాను. ముఠాకి అమ్ముడుపోయినట్టు నటించమన్నదీ నేనే. మొదట్లో కబుర్లు బాగానే వచ్చాయి. తరవాత ఆగిపోయాయి. ఇప్పుడు డిజైనర్ పోయాడు. ఆయన ఏ షాపులో గడ్డం గీయించుకుంటాడో వాళ్ళకి ఎవరు చెప్పారంటావ్?"

నత్త కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"రేపు ఎగ్జిబిషన్. ఆపితే గొడుగాయన మాయమైపోతాడు. ఆపను. నువ్వు కార్లు కడిగేవాడిలా లోపలికి వెళ్ళు. కందిరీగ కదిలి, స్టీరింగ్ ముందు ఆ పిల్ల ఉంటే..."

"ఉంటే?"

"కాల్చెయ్."

"మనవైపే ఉంటే?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?" అని చీఫ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. బ్రీఫింగ్ అయిపోయిందని అర్థం.

కింద ఎక్విప్‌మెంట్ గదిలో డబ్బాల డాక్టర్ అనే ముసలాయన సరంజామా బల్ల మీద పరిచాడు. సబ్బుపెట్టె. అందులో ట్రాన్స్‌మిటర్. పెద్ద స్పాంజి. దాని పొట్టలో పిస్టల్. అద్దాలు తుడిచే స్ప్రే సీసా. అందులో మత్తుమందు.

"పొరపాటున దీంతో అద్దం తుడిస్తే?" అన్నాడు నత్త.

"అద్దం మెరుస్తుంది. నువ్వు పడుకుంటావు."

* * *

పొద్దున భార్య అతని నీలం యూనిఫాం ఒళ్ళో పెట్టుకుని గుండీ కుడుతోంది. ఎందుకీ వేషమని అడగలేదు. అడగడం మానేసి చాలా కాలమైంది.

"చెల్లిని చూస్తారా ఇవాళ?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. రాత్రంతా మీరు పక్కమీద దొర్లుతుంటే అనుకున్నాను." దారం పంటితో కొరికింది. "దానికి ఈ పనులు వద్దని అప్పుడే చెప్పాను. తెలివైన పిల్ల అన్నారు, నేను చూసుకుంటానన్నారు."

"అన్నాను."

"మీరే తీసుకెళ్ళారు. మీరే తీసుకురండి."

నత్త యూనిఫాం తొడుక్కున్నాడు. గుండీ గట్టిగా ఉంది.

* * *

ఎగ్జిబిషన్ హాలు పొడుగ్గా ఉంది. ఒక చివర పూలకుండీలు పేర్చిన రిసెప్షన్ కౌంటరు. రెండో చివర గాజు తలుపులు. వాటికి దగ్గర్లో, వాటికి వీపు పెట్టి, కాస్త ఎత్తయిన వేదిక మీద కందిరీగ నిలబడి ఉంది. తలుపుల దాకా ఏటవాలుగా చెక్కబాట.

జనం ఇంకా రాలేదు. నత్త బకెట్ కింద పెట్టి కారులోకి దూరాడు. మోకాళ్ళు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. సీటు బాగా ముందుకి జరిపి ఉంది. పొట్టి మనిషెవరో కూర్చుని వెళ్ళారు. ఎవరో ఊహించడానికి సీక్రెట్ సర్వీస్ అక్కర్లేదు.

సీటు వెనక్కి తోశాడు. తల ఎత్తితే లోపలి అద్దం వంకరగా ఉంది. ఏళ్ళ తరబడి చేసిన పని కాబట్టి ఆలోచించకుండా చెయ్యి వెళ్ళింది, అద్దం సరిచేసింది. సరిచేస్తుండగా అందులోంచి ఎర్రగా ఏదో జారిపోయింది. నత్త పట్టించుకోలేదు. స్పాంజి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

సందర్శకులు నిండాక సీతాకోక వచ్చింది. నెమలికంఠం రంగు సిల్కు గౌను, చెవులకి రాళ్ళు, ముఖాన చెక్కుచెదరని నవ్వు. నడుస్తుంటే కెమెరాలన్నీ అటు తిరిగాయి. ఆమె మోచేతికి అంటుకున్నట్టు ఒక సన్నటి యువకుడు. సెక్రటరీనని అందరికీ చెబుతున్నాడు. కళ్ళు మాత్రం కాపలావాడివి.

కోడ్ ప్రకారం నత్తే ముందు అడగాలి.

"మేడమ్, అద్దాలు రెండువైపులా తుడవమంటారా?"

క్షేమంగా ఉంటే 'ఒకవైపు చాలు' అనాలి. ఆమె ఆ మాట అనలేదు. కారులోకి వంగి చూసింది. నవ్వు అలాగే ఉంది గాని, రంగు దిగిపోయింది.

"అద్దం ఎవరు కదిపారు?"

"నేనేనండి. వంకరగా ఉంటేనూ."

"వంకరగా ఉంటే నీకేం? నీ పని తుడవడం. తిప్పడం కాదు."

"తప్పయింది మేడమ్."

"ఇలాంటివాళ్ళని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తారో" అన్నాడు సెక్రటరీ. ఇద్దరూ వెళ్ళిపోయారు.

నత్త బకెట్ పట్టుకుని పక్కకి వచ్చాడు. స్పాంజి పిండుతూ ఆలోచించాడు. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉన్నాడు.

ఈ పిల్లకి డ్రైవింగ్ నేర్పిన రోజులు గుర్తొచ్చాయి. పాత కారు. పక్కన కూర్చుని అతను నోరు విప్పేవాడు కాదు. డాష్‌బోర్డు మీద వేలితో కొట్టేవాడు. ఒకసారి కొడితే ఆగు. రెండుసార్లు కొడితే ముందుకి పద. ఒకరోజు ఆమె అద్దం సరిచూసుకోకుండా బండి కదిపింది. దింపేశాడు. ఎండలో నడుచుకుంటూ ఇంటికి పోయింది. వారం రోజులు బావతో మాట్లాడలేదు. ఆ తరవాత ఆమె అద్దం వంకరగా వదలగా అతను ఎన్నడూ చూడలేదు.

అంటే వంకర అనుకున్నది వంకర కాదు. కావాలని పెట్టింది. నత్త దాన్ని తన చేత్తోనే చెరిపేశాడు.

కాఫీ కోసం జనం పలచబడ్డాక మళ్ళీ కారులోకి దూరాడు. సీటు ముందుకి లాక్కున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, ఆమె ఎత్తుకి కుంగి కూర్చుని, అద్దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. గోడ. స్తంభం. గాజు తలుపు. తరవాత ఎరుపు.

తలుపుల బయట ఫైరింజన్ నిలబడి ఉంది. పెద్ద ఎగ్జిబిషన్‌కి ఫైరింజన్ రావడం మామూలే. పొద్దుటినించీ దాని ముందునించే తిరుగుతున్నాడు, చూడనేలేదు.

ఖాళీ బకెట్ తీసుకుని అక్కడికి వెళ్ళాడు. నలుగురు ఫైర్‌మెన్, ఒక ఆఫీసరు. ఆఫీసరు హెల్మెట్ తీసి, పట్టీతో ఎడమ ముంజేతికి తగిలించుకున్నాడు. మోచెయ్యి వంచి, పొట్టకి ఆనించి, ఏళ్ళ అలవాటులా.

"సార్, కుళాయి దగ్గర జనం ఉన్నారు. ఒక్క బకెట్ నీళ్ళు పోయిస్తారా?"

"నీళ్ళు లేవు" అన్నాడు ఒక ఫైర్‌మన్.

"ఫైరింజన్‌లో నీళ్ళు లేవా?"

ఫైర్‌మెన్ ముఖముఖాలు చూసుకున్నారు. ఆఫీసరు మెల్లగా నవ్వాడు. "అవి కార్లు కడగడానికి కాదు పెద్దాయనా. వెళ్ళు."

"నిజమేలెండి" అని నత్త వెనుదిరిగాడు. వెళ్తూ బకెట్‌తో ఇంజన్ పక్కని యథాలాపంగా తగిలించాడు. ఖాళీ డబ్బా మోత మోగింది. కారొకటి దాక్కునేంత ఖాళీ.

స్తంభం చాటున సబ్బుపెట్టె తెరిచాడు. "నత్తని. గొడుగాయన ఫైర్ ఆఫీసరు వేషంలో ఉన్నాడు. మంట పెడతారు. కాపాడుతున్నామని చెప్పి కందిరీగని ఇంజన్ కడుపులోకి ఎక్కిస్తారు."

చీఫ్ గొంతు గరగరమంది. "బయటి గేటు మూయిస్తున్నాను. మనవాళ్ళు రావడానికి కొంచెం పడుతుంది. నీకెలా తెలిసింది?"

"మా మరదలు చెప్పింది."

"నోటితోనా?"

"అద్దంతో."

"కందిరీగ వెనక్కే కదా ఎక్కాలి. వెనక్కి నడపాలంటే దొంగకీ అద్దం అలాగే కావాలి. ఆర్డర్ మారలేదు" అన్నాడు చీఫ్.

నత్త సబ్బుపెట్టె మూశాడు. చీఫ్ మాట అబద్ధం కాదు. అదే అతన్ని కలవరపెట్టింది. ఆ ఎరుపు తనకి పంపిన కబురో, పారిపోయే దారో, అద్దం చెప్పదు. క్షేమమని ఆమె నోరూ చెప్పలేదు.

అప్పుడే వేదిక చుట్టూ కట్టిన తెర కిందనించి పొగ లేచింది.

ఎవరో ఫైర్ అని అరిచారు. జనం పక్క తలుపుల్లోంచి తోసుకుంటూ బయటపడ్డారు. చూస్తుండగా హాలు ఖాళీ అయింది. ఫైర్‌మెన్ లోపలికి దూకి గాజు తలుపులు బార్లా తెరిచారు. ఇంజన్ వెనకభాగం పెట్టె మూతలా ఊడి ఇనప ర్యాంపులా కిందికి వాలింది. సీతాకోక స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్క సీట్లో ఆఫీసరు. కుడిచేతిలో పిస్టల్ ఆమె నడుము పక్కనే ఉంది. భయపెట్టడానికో, ఆమెని కాపాడడానికో, పొగలో ఎలా తెలుస్తుంది?

ఆమె చెయ్యి సీటు కిందికి పోయింది. లాక్ విడిపోయింది. కందిరీగ గుర్రుమంది.

నత్త పరుగెత్తాడు. చూసినవాళ్ళెవరూ లేకపోవడం అతని పేరుకి మంచిదయింది.

అడ్డొచ్చిన ఫైర్‌మన్ ముఖాన సీసాలోని మత్తుమందు ఒక్కసారి చిమ్మాడు. వాడు ఆవలించి కూలబడ్డాడు. నత్త ర్యాంపు మొదట్లో నిలబడ్డాడు. ఒక చేతిలో బకెట్, రెండో చేతిలో స్పాంజి. స్పాంజిలో వేలు ట్రిగ్గర్ మీద. కారు వెనక్కి వస్తోంది. చిన్న అద్దంలో రెండు కళ్ళు కనబడ్డాయి. అవి అతన్ని చూశాయి. కారు ఆగలేదు.

"తొక్కించెయ్" అన్నాడు గొడుగాయన. తెరిచిన కిటికీలోంచి స్పష్టంగా వినబడింది.

కాల్చాలి. ఆర్డర్ అదే. గురి కుదిరింది. ఆమె తల వెనకభాగం, పైకెత్తి కట్టిన జుట్టు. చిన్నప్పుడు తన భార్య జడ వేస్తుంటే పక్కన కూర్చుని చూసిన తల.

పొద్దున భార్య కుట్టిన గుండీ గడ్డానికి తగిలింది.

నత్త స్పాంజి వదిలేశాడు. ఇనప ర్యాంపు మీద బకెట్‌తో కొట్టాడు. ఒకసారి. ఇంకొకసారి.

కందిరీగ అతని మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. అరక్షణం. తరవాత కొరడాతో కొట్టినట్టు ముందుకి దూకింది. చెక్కబాట ఎక్కి, వేదిక దాటి, హాలు పొడుగునా దూసుకుపోయి, పూలకుండీల కౌంటర్లో ముక్కు దించి ఆగిపోయింది. హాలంతా మట్టి, రేకులు, గాజుపెంకులు. అప్పటికి గేటు దగ్గర చీఫ్ మనుషుల విజిల్స్ వినబడ్డాయి. మిగతా ఫైర్‌మెన్ చేతులెత్తారు. సెక్రటరీని బాత్‌రూంలోంచి లాక్కొచ్చారు.

గొడుగాయన ముందు అద్దానికి నుదురు కొట్టుకుని స్పృహ లేకుండా ఉన్నాడు. మామూలు ముఖం. బార్బర్‌కి గుర్తుండకపోవడంలో తప్పు లేదు.

"బెల్టు పెట్టుకోమని చెప్పాను బావా" అంది సీతాకోక. చేతులు ఇంకా స్టీరింగ్ మీదే ఉన్నాయి. "వినలేదు."

చీఫ్ వచ్చి కందిరీగ నలిగిన ముక్కు చుట్టూ తిరిగి చూశాడు. "దొంగలనించి కాపాడమన్నాను. మీ ఇంటివాళ్ళనించి కాపాడమని చెప్పడం మరిచిపోయాను."

ఆమె నవ్వలేదు. చీఫ్ అటు వెళ్ళాక అంది. "డిజైనర్‌గారు ఏ షాపుకి వెళ్తారో నేనే చెప్పాను బావా. ఏదో మాటల్లో. ఆయన నున్నటి గడ్డం గురించి జోకు వేశాను. అందరూ నవ్వారు. ఆ మర్నాడే..." ఆగింది. "అంతకుముందునించే ఆ సన్నటివాడు నన్ను వదల్లేదు, కబురు పంపడం కుదర్లేదు. క్షేమం అని కోడ్ చెప్పమంటే ఎలా చెప్పను?"

నత్త కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "మీ అక్క ఎదురుచూస్తోంది" అన్నాడు.

బయట అతని పాత కారు ఉంది. తాళం ఆమె చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. నత్త వైపునించి చూస్తే వంకరగా ఉంది.

దారి పొడుగునా ఆ అద్దంలో నత్తకి ఆమె చెవి తప్ప ఏమీ కనబడలేదు. అయినా ముట్టుకోలేదు.