పేరు తీసేసినా పోల్చుకున్న మాట

“కిటికీ మూయి!” వంటగదిలోంచి వియోరికా కేకేసింది.

“ఉడికిపోతున్నానమ్మా! ఒక్క కిటికీయే కదా!”

“వెనక తలుపూ తెరిచే ఉంది. రెండు వైపుల నుంచీ గాలి కొడితే మెడ పట్టేస్తుంది. తర్వాత కాపడం పెట్టాల్సింది నేను!”

తల్లి వచ్చి కిటికీ దభాలున మూసింది. రుక్సాంద్ర మళ్ళీ తెరిచింది. ముప్ఫై ఏళ్ళు బొగ్గు గనిలో దిగి రిటైరైన తండ్రి గ్రిగోరె పేపరు చాటున తలదాచుకున్నాడు.

అలిగిన రుక్సాంద్ర లాప్‌టాప్ ముందు కూర్చుంది. గని గురించీ ఊరి గురించీ జనం మనసులో మాట విని రికార్డు చెయ్యడం ఆమె ఉద్యోగం. చెప్పినవాళ్ళ పేరు తీసేసి, ఆ మాటల్ని ఒక నటుడి చేత చదివించి, ఊరి హాల్లో అందరికీ వినిపిస్తారు. హాలు ఆ ఉదయమే తెరిచారు. ఆమె తనకు నచ్చిన రికార్డు ఒకటి పెట్టుకుంది.

‘గ్యాస్ మీటరు అరిస్తే పని ఆపాలి. మేం దానికి సంచీ కట్టేసి తవ్వుతున్నాం. నా పావురాల నోరైనా నేనలా నొక్కను.’

గరిటెతో వచ్చిన వియోరికా ఆగిపోయింది. “ఇది హోరియా మాట కదూ?”

“ఎలా తెలుసు? గొంతు వేరేవాళ్ళది. పేరు తీసేశాను, వయసు కూడా మార్చాను.”

“పేరెందుకే? గనివాళ్ళలో పావురాలు పెంచేది అతనొక్కడే.”

రుక్సాంద్ర రికార్డు ఆపేసింది. ఆ వాక్యం అందంగా ఉందన్న మోజుతో అలాగే ఉంచేసింది. ఒక్కసారి మాట్లాడితే సరిపోయే మనిషితో మూడుసార్లు మాట్లాడింది కూడా ఆ మోజుతోనే. కిందటేడు నోరు విప్పిన ఇద్దరిని గని నుంచి తీసేశారు. అందులో ఒకణ్ణి ఎవరో చితకబాదారు కూడా.

గొడుగైనా తీసుకోకుండా, అప్పుడే మొదలైన వానలో హాలుకి పరుగెత్తింది.

హాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని హోరియా కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి మెల్లగా తీశాడు.

“ఈ పావురాలవాడెవరో బాగా మాట్లాడాడండీ. మీకు తెలిసినవాడేనా?”

“వేళాకోళం వద్దు. నన్ను తిట్టండి.”

“తిడదామనే వచ్చాను. తడిసిన పిట్టలా నిలబడ్డారు. ఎలా తిట్టను?”

“ఇప్పుడే తీసేస్తాను.”

“మా మేస్త్రీ ట్రాయాన్ నాకంటే ముందే విన్నాడు. వెళ్తూ నవ్వుతూ నా భుజం తట్టాడు.” హోరియా గొంతు తగ్గించాడు. “తిట్టినా బాగుండేది.”

“భయంగా లేదా మీకు?”

“నా మోకాళ్ళు చూడండి. లేస్తే పడతానని కూర్చున్నాను.”

ఆమె ఆలోచించకుండా అతని చెయ్యి పట్టుకుంది.

“ఇది తీసేస్తే నాకు కొంచెం నయమేమో. మీటరు మాత్రం సంచీలోనే ఉంటుంది. రేపు పొద్దున మనుషులు మళ్ళీ దిగుతారు” అన్నాడు హోరియా.

“మా ఇంటికి భోజనానికి రండి. మిమ్మల్ని ఒంటరిగా వెళ్ళనివ్వను.”

“ఇదీ ఇంటర్వ్యూయేనా?”

“కాదు. నోరు మూసుకుని నడవండి.”

ఇంట్లో నలుగురూ బల్ల దగ్గర చేరారు. వియోరికా పుల్లటి సూపు వడ్డించింది. బయట ఒక కారు నెమ్మదించింది. నాలుగు చెంచాలూ గాల్లోనే ఆగాయి. కారు సాగిపోయింది.

“రేపు జిల్లా గనుల ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్తున్నాను బాబాయ్. నా పేరుతోనే చెప్తాను” అన్నాడు హోరియా.

“ఉద్యోగం పోతుందిరా” అన్నాడు గ్రిగోరె.

“తెలుసు.”

“నువ్వుండే క్వార్టరూ గనివాళ్ళదే.”

“అదీ తెలుసు. పావురాలకే ఇంకా చెప్పలేదు.”

“నేనూ వెళ్తున్నాను” అంది రుక్సాంద్ర. “మాట రికార్డు చేసినవాళ్ళ పక్షాన మేం నిలబడకూడదు, అది మా రూలు. అందుకే పొద్దున్నే ఉద్యోగం మానేస్తున్నాను.”

వియోరికా సూపు గిన్నెతోనే కూతురి వైపు తిరిగింది. “అతనికి ఏమవుతావని వెంట వెళ్తావే? అక్కడ అడగరా?”

“కాబోయే పెళ్ళాన్నని చెప్తాను.”

హోరియాకు పొలమారింది. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని, “నన్ను అడగలేదు కదా?” అన్నాడు.

“మూడుసార్లు గంటలకొద్దీ అడిగాను. ఇది మాత్రం అడగకుండానే తెలిసింది. కాదంటావా?”

“అంటానా!” అన్నాడు హోరియా. చెవులు ఎర్రబడ్డాయి.

గ్రిగోరె రొట్టె తుంచి కుర్రాడి ముందు పెట్టాడు. “మొదటి బస్సుకే బయల్దేరదాం. నేనూ వస్తున్నాను.”

ముగ్గురూ వియోరికా వైపు చూశారు. ఆమె ముఖం సున్నంలా పాలిపోయింది. గిన్నె కింద పెట్టి, చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది.

“నలుగురం వెళ్దాం. మిమ్మల్ని పంపించి, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని భయపడటం నా వల్ల కాదు.”