పొక్కని టీకా

1944 ఎండాకాలం. వేరే పని మీద హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం వచ్చిన డిటెక్టివ్ అజీముద్దీన్ ముసాఫిర్‌ఖానాలో చాయ్ తాగుతుండగా, చంకలో బిడ్డతో సుక్కమ్మ గడపలో నిలబడింది. ఊళ్లో మశూచి ఉంది.

"సాబ్, టీకాలేసే కరీం అసలు మందు అమ్ముకొని నీళ్లు పొడిచిండు. అరవై మంది పిల్లలకేస్తే ఒక్కరికీ పొక్కలే. నా కొడుకును అమ్మవారు తీస్కపోయింది. ఇగ ఇదొక్కతే మిగిలింది. దొంగను పట్టి మందిప్పియ్యి."

బిడ్డ జబ్బ మీద ఎండిన గీత తప్ప టీకా పట్టినట్టు చూపే పొక్కు జాడ లేదు. అజీముద్దీన్ తుమ్మినా అందులో ఏదో సూచన ఉందని నమ్మే సహాయకుడు సాయన్న వెంటనే పుస్తకం తీశాడు.

అబ్దుల్ కరీం ఇంటి తలుపులు మూసుకుని ఉన్నాడు. నుదుటి మీద రాయి దెబ్బ.

"మాఘంల ఇదే చేత్తోటి ఏస్తే అందరికీ పొక్కింది సాబ్. ఈసారి మూతి అతికిన మందు గాజుగొట్టాలు అందరి ముంగటనే ఇరగ్గొట్టిన."

పక్కింటివాళ్లు కూడా అది నిజమే అన్నారు. ఇక మిగిలింది మందును కరీంకు అందించిన తాసిల్దారు కచ్చేరి. అక్కడి గుమాస్తా మల్లేశయ్య ఖాళీ మందు పెట్టెను గర్వంగా చూపించాడు. మూత మీది లక్క ముద్ర కరిగి పక్కకు జారి గట్టిపడింది.

"ఎప్పుడొచ్చింది?"

"సోమవారం బస్సుల, తడిగోనెల చుట్టి వచ్చింది. తాసిల్దారు దొర ఊళ్లు చూడనీకె దౌరా పోయిండు. సర్కారు ముద్రున్న పెట్టెను దొర లేకుండ తెరువొద్దు గద. గోనె ఇప్పి ఖజానా ఇనుప పెట్టెల పెట్టి తాళమేసిన. తొమ్మిది రోజులు ఈగను వాలనియ్యలే. దొర రాంగనే కరీంకిచ్చి, మొదలు నా మనుమరాలికే ఏయించిన."

అజీముద్దీన్ ఖజానా గదిలో అడుగు పెట్టాడు. రేకుల కప్పు, కిటికీ లేదు. ఒక్క నిమిషం కూడా నిలవలేక బయటికొచ్చి పట్నానికి తంతి కొట్టించాడు.

మరునాడు జవాబు అందగానే అందరినీ కచ్చేరి ముందు కూర్చోబెట్టాడు.

"కరీం భాయ్ దొంగ కాదు. మందు మార్చి నీళ్లు పెట్టి ఉంటే మల్లేశయ్య ముందుగాల సొంత మనుమరాలికి ఏయించడు, అంటే ఆయన గూడ దొంగ కాదు. మందు మారలే. చచ్చిపోయింది. లక్క కరిగిన వేడిల తొమ్మిది రోజులుంటే ఏ టీకా బతుకుతది? పట్నపోళ్లు తడిగోనె చుట్టి పంపిండ్రు గని, అది ఎందుకో చెప్పే చీటి పెట్టలే. దొర లేనప్పుడు తెరిచే హక్కు ఇంకొకరికియ్యలే. మీరేమో బంగారం లెక్క దాచిండ్రు."

మల్లేశయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "తెల్వదు సాబ్. సర్కారు సొమ్మును గట్లనే కాపాడాలని మా బాపు నేర్పిండు." మొన్న రాయి విసిరినవాళ్లు కరీం వైపు చూడలేక తల దించుకున్నారు.

సాయన్న మాత్రం మెచ్చుకోలుగా తన యజమాని వంక చూశాడు. ఇంత చిక్కుముడి రెండు రోజుల్లో విప్పడమంటే మాటలా?

సుక్కమ్మ లేచింది.

"దొంగ లేడంటివి, మంచిదే. మరి కొత్త మందేది?"

అజీముద్దీన్ జేబులోంచి తంతి తీశాడు. "అన్ని తాలూకాలోళ్లు అడుగుతున్నరట. ఉన్న ఒక్క గోదాము ఖాళీ. మళ్ల తయారయి రానీకె మూడు వారాలు పడుతదట."

"మూడు వారాలా?" ఆమె బిడ్డను భుజం మీదికి మార్చుకుంది. "దీనికి పొద్దటి సంది ఒళ్లు కాలుతాంది సాబ్."