వెనక స్పీకర్‌లో గరగర

ఉదయం ఆరూ పది. బోగోలు తీరంలో ఐసు లారీ దిగుతున్న డ్రైవరు గుండెల్లోకి చప్పుడు లేకుండా ఒక తూటా దూసుకుపోయింది. ఆ డ్రైవరు నిజానికి సీక్రెట్ ఏజెంట్ జకరయ్య. అతను ఏ వేషంలో, ఏ దారిన వస్తాడో తెలిసినవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురూ ముందురోజు ఒకే హాల్లో కూర్చుని మాట్లాడుకున్నారు.

మధ్యాహ్నం రెండింటికి నెల్లూరు ఆఫీసులో చీఫ్ పుష్పకుమారి ఫైలు తెరిచింది. ఎదురుగా ఏజెంట్ మౌలా.

"ఆ హాలు రాడార్ డిజైనర్ విజయభాస్కర్ గారిది. అక్కడ హోమ్ థియేటర్ బిగించిందెవరు?"

"నేనే మేడం. మెకానిక్ వేషంలో, ఇంటిని కనిపెట్టి ఉండడానికి."

"ఒక్కడివే వెళ్లావా?"

మౌలా తల దించుకున్నాడు. "డెబోరాని తీసుకెళ్లాను."

డెబోరా డిపార్ట్‌మెంట్‌లో ట్రాన్స్‌లేటర్. ఈ ఉదయం నుంచి ఆమె జాడ లేదు. 'నువ్వు పని చేస్తుంటే చూడాలనుంది' అని రెండు నెలల క్రితం ఆమె నవ్వేసరికి, మౌలాకి రూల్స్ గుర్తు రాలేదు. ఎందుకు తీసుకెళ్లావని చీఫ్ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"ఐదింటికి విజయభాస్కర్ గారు ఆ హాల్లోంచే గస్తీ బోట్లకి కొత్త కోడ్ చెప్తారు. అది విదేశీ ముఠా చేతికి పోతే మన తీరమంతా వాళ్లకి తెరిచిన తలుపే. ఫోన్ చేసి హెచ్చరిస్తే వాళ్లూ వింటారు. ఆ హాల్లో దాచిన మైక్ ఎక్కడుందో పట్టుకో. డెబోరా నాకు ప్రాణాలతో కావాలి."

నాలుగింటికి మౌలా టూల్‌బ్యాగ్‌తో బోగోలులోని ఆ ఇంటి గేటు తీశాడు. విజయభాస్కర్ పెద్దమ్మ మస్తానమ్మ ఎదురొచ్చింది.

"ఇప్పటికి వచ్చినావా అబ్బయా! రెండు నెలల నుంచి ఫోన్లు చేస్తానే ఉండా. ఆ వెనక డబ్బాలో గరగర పోలేదు."

మౌలా ముఖం చిన్నబోయింది. ఆమె మొదటిసారి ఫోన్ చేసినప్పుడు, 'చెవిలో గులిమి ఉందేమో చూపించుకోండి' అని పెట్టేశాడు. పక్కనున్న డెబోరా పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసమే ఆ మాటన్నాడు.

వెనక స్పీకర్లు వైర్‌లెస్‌వి. రౌటర్ ఆపాడు. ఫోన్లు ఆపించాడు. గరగర పోలేదు. చేతి గడియారంలో దాచిన డిటెక్టర్ మాత్రం థియేటర్ సిగ్నల్ తప్ప ఇంకేమీ లేదంటోంది. నాలుగూ నలభై. వంటింట్లో మైక్రోవేవ్ ప్లగ్ పీకుతుంటే మస్తానమ్మ వెనకే వచ్చింది.

"నీకు అప్పుడే చెప్పబోతే వినలా. మేం మాట్లాడితేనే అది గరగరమంటది. నోరు మూసుకుంటే అదీ మూసుకుంటది."

మౌలా ప్లగ్ వదిలేశాడు. మాట వినపడినప్పుడే మేల్కొనే ట్రాన్స్‌మిటర్! స్పీకర్ల ఫ్రీక్వెన్సీలోనే దాక్కుంది కాబట్టి డిటెక్టర్‌కి చిక్కలేదు. రెండు నెలల క్రితమే ఈ ముసలామె కనిపెట్టేసింది.

హాల్లోకి వచ్చి దగ్గాడు. గరగర. ఊపిరి బిగపట్టాడు. నిశ్శబ్దం. బ్యాటరీతో నడిచే వెనక స్పీకర్‌ని చంకనెత్తుకుని, "ఇది ఎక్కడ పెడితే బాగుంటుందో చూస్తున్నానమ్మా" అంటూ గదంతా తిరిగాడు. సబ్‌వూఫర్ దగ్గర గరగర హోరైంది. దాని వెనక నాలుగు స్క్రూలు. చివరిది ఆ రోజు తన చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని డెబోరా బిగించింది. తనకేమో అది సరసంలా తోచింది.

మూత తీశాడు. లోపల గోరంత నల్లటి బిళ్ళ.

నాలుగూ యాభై తొమ్మిది. విజయభాస్కర్ ఫోన్‌తో హాల్లోకి అడుగుపెట్టాడు. "గస్తీ బోట్ వన్, కోడ్ రాసుకో. మొదటి అంకె..."

మౌలా ఒక్క గెంతులో ఆయన నోరు మూశాడు. బిళ్ళని చూపించి, ఏమని చెప్పాలో బిల్లు కాగితం వెనక గబగబా రాసిచ్చాడు. విజయభాస్కర్ అది చదివి తేరుకున్నాడు. ఫోన్ కట్ చేసి, మాట్లాడుతున్నట్టే గొంతు పెంచాడు.

"లైన్ బాగాలేదు. కోడ్ కాగితం తుఫాను షెల్టర్ మెట్ల కింద పెట్టిస్తా. అరగంటలో తీసుకోండి."

మౌలా చీఫ్‌కి మెసేజ్ పంపి షెల్టర్‌కి పరిగెత్తాడు. ఇరవై నిమిషాలకి, నెత్తిన చేపల గంపతో ఒక మనిషి మెట్ల దగ్గరికొచ్చింది. చేపలమ్మే మనిషికి గోళ్ల రంగు అంత పొందిగ్గా ఉండదు. ఆమె చెయ్యి గంపలోని పిస్టల్ మీద పడేలోపు మౌలా ఆమె మణికట్టు పట్టేశాడు. తీరంలోనే కాపున్న చీఫ్ మనుషులు చుట్టుముట్టారు.

"గొప్ప మెకానిక్‌వే," అంది డెబోరా.

"నేను కాదు. ఆ పెద్దామె కనిపెట్టింది."

"ఆమె మాట నువ్వు వింటావేమోనని మొదట్లో భయపడ్డాను. ఆమెని ఎగతాళి చేశావు చూడు, అప్పుడు తీరింది నా భయం."

మౌలా ఆమె చేతులకి బేడీలు వేశాడు.

పొద్దు వాలుతుండగా మస్తానమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు.

"నాకెందుకు చెప్తావు నాయనా? పోయినోడి ఇంటికి పోయి చెప్పు."

వెళ్లాడు. జకరయ్య భార్య ఎలిశబెతు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి రమ్మనలేదు. తలుపు వేసుకుంది.

మర్నాడు మౌలా రిపోర్టు ఇచ్చాడు. చీఫ్ చదువుతూ ఒకచోట ఆగింది. 'ఇంటర్‌ఫియరెన్స్‌కి (గరగరకి) కారణం' అన్నదానికి ఎదురుగా 'మెకానిక్' అని ఒక్క మాటే ఉంది.

"ఇది పైవాళ్లు చదువుతారు. నీ ప్రమోషన్ పోతుంది."

"పోనీండి మేడం."

పుష్పకుమారి సంతకం పెట్టి ఫైలు మూసింది.

"తప్పు తనదేనని రాసిచ్చిన మెకానిక్‌ని ఇన్నేళ్లలో నిన్నొక్కడినే చూస్తున్నా, మౌలా."