కూర్చోమన్నవాళ్ళు లేరు

"ఆ బూట్లు విప్పి లోపలికి రా. లేదా ఈ మాపు పట్టుకుని నువ్వే తుడువు."

ఊళ్ళో స్కేటింగ్ ఆడే ఐస్ రింకు పక్కనున్న కమ్యూనిటీ హాలు వంటగదిలో ఆర్లోతో లారిస్సా అన్న మొదటి మాట అది. అతను బూట్లు విప్పలేదు, మాపు అందుకున్నాడు. తుడిచిన చోటల్లా మళ్ళీ తనే తొక్కాడు.

"మీ అమ్మ ఎవరో గానీ, మహా ఓపిక గల మనిషి," అందామె.

"మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు."

"అయితే తెలివైన మనిషి కూడా."

అలా మొదలైంది. మంచాన పడ్డ బాబాను, అంటే నాయనమ్మను, చూసుకోవడానికి సాస్కటూన్ సిటీ నుంచి వచ్చిన పిల్ల ఊరందరినీ చూసుకోవడం మొదలెట్టింది. కంటి ఆపరేషన్‌కి సిటీకి వెళ్ళే ముసలాళ్ళకు ఆమె కారే కారు. పెళ్ళి విందుకైనా చావు భోజనానికైనా బంగాళాదుంప ముద్ద కూరి, కజ్జికాయల్లా పెరోగీలు ఒత్తేది ఆమె. ఇవ్వడం ఒకరికి అలవాటైతే పుచ్చుకోవడం మిగతావాళ్ళకు హక్కవుతుంది. లోకం ఎక్కడైనా ఇంతే.

ఆర్లో సాయంత్రాలు రింకులో నీళ్ళు పట్టి ఐసు కట్టించేవాడు. అదీ ఊరికే చేసే పనే. అయ్యాక వంటగది కిటికీ దగ్గర ఆగేవాడు.

"ఏమైనా మిగిలిందా?"

"గిన్నెలు మిగిలాయి. తోముతావా?"

ఊరంతా వాళ్ళిద్దరికీ ముడిపెట్టేసింది. ముడి వెయ్యాల్సినవాడు మాత్రం నోరు విప్పలేదు. బుద్ధిమంతుడని పేరు తెచ్చుకున్నవాడికి ఇదొక రోగం. రేపు చెప్పొచ్చులే అనుకుంటాడు.

జనవరిలో బాబా పోయింది. మంచు కరిగేసరికి ఇల్లు అమ్ముడుపోయింది. సాస్కటూన్‌లో ఏదో బేకరీలో లారిస్సాకి పని దొరికిందని విన్నారు. ఎవరైనా ఉండమంటే ఆమె ఉండిపోతుందని ఆర్లోకి తెలుసు. ఆ ఎవరైనా తనేనని కూడా తెలుసు.

ఏప్రిల్‌లో ఊరికోసం ఊరికే పనిచేసేవాళ్ళకు విందు ఇస్తారు. దానికో పద్ధతుంది. ఆ ఏడు సన్మానం ఎవరికో ఆ మనిషికి తప్ప ఊరందరికీ చెబుతారు. మనిషిని రప్పించడానికి ఏదో పనుందని అబద్ధమాడతారు. పని మధ్యలో పేరు పిలుస్తారు. ఆ మనిషి ఏప్రాన్‌తోనే బయటికొచ్చి కళ్ళు తుడుచుకోవాలి, జనం లేచి చప్పట్లు కొట్టాలి.

"ఈసారి లారిస్సాకి," అంది కమిటీ పెద్ద వెర్నా. "వంటగదిలో మనుషులు చాలడం లేదని నువ్వే వెళ్ళి చెప్పు. నీ మాట కాదనదు."

"వెళ్ళిపోయేలా ఉంది వెర్నా. సంగతి చెప్పేస్తే నయమేమో."

"చెప్పేస్తే ఇంకేముంది? పోయినేడు ఫైర్ చీఫ్‌కి చెప్పామా? ఆ ఏనుగంత మనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నోరు కట్టేసుకో."

ఆర్లోకి అదేమీ కొత్త విద్య కాదు.

వెళ్ళేసరికి లారిస్సా ఖాళీ ఇంట్లో అట్టపెట్టెలకు టేపు అంటిస్తోంది. అతన్ని చూసి జుట్టు సర్దుకుంది. ఒక పెట్టెను కాలితో పక్కకు జరిపింది.

"ఏదో చెప్పడానికొచ్చినట్టున్నావు."

"శనివారం విందుకి... వంటగదిలో మనుషులు చాలరట."

ఆమె టేపును పంటితో తెంపింది. "అంతేనా?"

"అంతే."

"వస్తాలే. ఎప్పుడు రాలేదు గనక."

వచ్చింది. బంగాళాదుంపలు మెదిపింది, పెరోగీలు వేయించింది, గ్రేవీ కాచింది. ఆర్లో ప్లేటు చాపినప్పుడు వడ్డించింది గానీ మొహం చూడలేదు. భోజనాలయ్యాక వెర్నా మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. చివరికి పేరు చెప్పి, "బయటికి రామ్మా," అని పిలిచింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఎవరూ రాలేదు. వంటగది అద్దంలా తుడిచి ఉంది. తడిగుడ్డ పిండి ఆరేసి ఉంది. ఉపన్యాసాలు వంటవాళ్ళ కోసం కాదనుకుని, ఎప్పటిలాగే వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది.

ఆర్లో వెర్నా చేతిలోని సన్మాన ఫలకం లాక్కుని పికప్ వైపు పరుగెత్తాడు.

ఊరి చివర రోడ్డుకి అడ్డంగా గోధుమల రైలు పోతోంది. ఎర్రదీపాల ముందు లారిస్సా కారు ఆగి ఉంది, వెనక సీటు నిండా అట్టపెట్టెలు. అతను కిటికీ తట్టాడు. అద్దం దించింది.

"సన్మానం నీకే. నీకు తప్ప అందరికీ తెలుసు."

ఆమె ఫలకం వైపు చూసింది. "ఆ రోజు మా ఇంటికొచ్చినప్పుడు నీకూ తెలుసా?"

"తెలుసు. పద్ధతి కదా, చెప్పొద్దన్నారు."

"బాబా చావు భోజనం గుర్తుందా? శాండ్‌విచ్‌లు ఎవరు చేశారు?"

ఆర్లో ఫలకాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నేనే. కాఫీ పోసిందీ నేనే. పోయింది మా బాబా. ఇంత ఊళ్ళో ఒక్కరు కూడా, 'నువ్వు కూర్చో' అనలేదు. నువ్వు కప్పు చాపావు ఆర్లో. నింపాను."

కాసిన్ని పాలు కూడా అడిగినట్టు అతనికి గుర్తొచ్చింది.

"నువ్వంటే నాకు ప్రాణం లారిస్సా," అన్నాడు, రైలు చప్పుడులో వినబడాలని గట్టిగా. "ఉండిపో."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ మాట ఆ రోజు అనుంటే పెట్టెలన్నీ విప్పేసేదాన్ని."

"ఇప్పుడంటున్నాగా."

"ఇప్పుడు అడుగుతున్నది నువ్వో, నీ వెనకున్న ఊరో తెలియడం లేదు." స్టీరింగ్ మీద చేతులు పెట్టింది. "మీరంతా మంచివాళ్ళే. మీ మీద కోపం తెచ్చుకోవడం కూడా చేతకాదు. ఆ ఫలకాన్ని వంటగదిలో తగిలించండి."

రైలు ఆఖరి పెట్టె దాటిపోయింది. పట్టాల దగ్గర మోగుతున్న గంట ఆగింది, ఎర్రదీపాలు ఆరాయి. వెనక ఎవరో హారన్ కొట్టారు.

కారు పట్టాలు దాటి ఆగింది. బ్రేకు దీపాలు ఎర్రగా వెలుగుతూ ఉండిపోయాయి. పరుగెత్తాలా, ఆమే వెనక్కి వస్తుందా అని ఆర్లో ఆలోచిస్తూ నిలబడ్డాడు. అతని ఆలోచన తెగేలోపు ఆ దీపాలు ఆరిపోయి, కారు కదిలింది.