తలకిందులైన ముక్కోణం

"ఆ మేకు పీకెయ్."

గడపలో నిలబడే అన్నది సక్కుబాయి. స్టూలు మీదున్న మనిషి ఉలిక్కిపడి, సుత్తె దెబ్బ తన బొటనవేలి మీదే వేసుకున్నాడు.

"ఎందుకు పీకాలె?" వేలు విదిలించుకుంటూ, గోడవైపు తిరిగే అడిగాడు.

"తప్పు కొట్టినవు గనుక."

"తప్పేం లేదు. స్కేలు పెట్టి గీసిన. గీ మూల నుంచి ఆ మూల దాక ఒక్కటే లైను."

"గదే తప్పు. పిల్లలను ప్రార్థనకు నిలబెట్టినట్టు నిలబెట్టినవు. గిది దివాన్‌ఖాన బావా, నీ బడి కాదు."

బావా అన్న పిలుపుకు అతడు గిరుక్కున తిరిగాడు. స్టూలు ఊగింది. పడబోయి గోడ పట్టుకున్నాడు. కొత్త సున్నం అరచేతికి అంటుకుంది.

"సక్కూ! నువ్వేనా? గింత పెద్దగైనవు!"

"నువ్వు గట్లనే ఉన్నవు. సుత్తె పట్టుడు ఇంకా రాలే."

అది అరవై ఎనిమిది శ్రావణం. లక్సెట్టిపేట బజారులో బట్టల దుకాణం లక్ష్మీరాజం కొత్త ఇల్లు కట్టాడు. ఆయన కూడా సాలెవాడలో పుట్టినవాడే. దుకాణం నడిచాక వాడ మరిచాడు. అక్కను మాత్రం వాడలోనే నేతగాడు సాంబయ్యకు ఇచ్చారు. అక్క బతికి ఉన్నంతకాలం, ఆమె బిడ్డ సక్కు తన కొడుకు అంబదాసుకేనని నలుగురిలో అంటుండేవాడు. అక్కను గోదారి ఒడ్డున కాల్చి వచ్చినరోజే ఆ మాటనూ అక్కడే వదిలేసి వచ్చాడు. మళ్లీ బావ సాంబయ్య గడప తొక్కలేదు. వాడకూ బజారుకూ మధ్య ఉన్నది ఒక్క సందు.

అంబదాసు హైదరాబాదులో ట్రైనింగు చేసి, మంచిర్యాల బడిలో డ్రాయింగు మాస్టరుగా చేరాడు. సక్కు తండ్రి దగ్గరే ఉండి నేత నేర్చింది. చీరెలు నేయగా మిగిలిన రంగు నూలుతో చదరపు గుడ్డలు నేసేది. వాటిలో చిలుకలుండవు, పువ్వులుండవు. గళ్లు, ముక్కోణాలు, మెట్లు మెట్లుగా ఎక్కి దిగే గీతలు. అంబదాసు తల్లి కమలవ్వ, మొగనికి చెప్పకుండా వాడకు వెళ్లినప్పుడు ఆ గుడ్డలు చూసింది. కొత్తింట్లో వచ్చినవాళ్లు కూర్చునే దివాన్‌ఖాన గోడ బోసిగా ఉందని, వడ్లాయనతో చెక్క చట్రాలు కట్టించి, వచ్చి నువ్వే తగిలించుమని మేనకోడలిని పిలిచింది.

"ఒకటే లైన్ల ఉంటే దాన్ని సిమెట్రీ అంటరు," అన్నాడు అంబదాసు, స్టూలు దిగి.

"తెలుగుల ఏమంటరు?"

"సమానం అనుకో."

"మీ బాపుకు మా బాపుకు నడుమనే లేదు సమానం. గోడ మీద ఎందుకు?"

సక్కు చట్రాలన్నీ నేల మీద పరిచింది. పెద్దది జరిపింది, చిన్నవి దాని చుట్టూ చేర్చింది, ఒకచోట మూరెడు ఖాళీ వదిలింది.

"ఇక్కడ ఏం పెడుతవు?"

"ఏం పెట్టను. అన్ని నింపితే సంత అయితది."

అతడు కూడా కింద కూర్చున్నాడు. ఒక నీలి గళ్ల చట్రాన్ని ఇద్దరూ ఒకేసారి చెరో పక్కకు లాగారు. ఎవరూ వదల్లేదు. బయట వాన మొదలైంది.

"వదులు."

"నువ్వు వదులు."

"నేసింది నేను."

"గోడ మాది."

"గోడ మీదైతె నన్నెందుకు పిలిచిండ్రు?"

అతడు వదిలాడు. ఆమె వెనక్కు పడబోయింది, అతడు చేయి పట్టుకుని ఆపాడు. పట్టుకున్న చేయి వెంటనే వదల్లేదు. ఆమె ఆ చేతి వైపు చూసింది. అప్పుడు వదిలాడు.

అన్నిటికంటే పెద్ద చట్రంలో తెల్ల నేత మీద ఎర్ర ముక్కోణం. కొన పైకి. "గుట్ట లెక్క ఉన్నది," అన్నాడు అంబదాసు. "దీన్ని కిటికీకి ఎదురుంగ పెట్టు సక్కూ. పొద్దుగాల వెలుగు సక్కగ దాని మీద పడ్తది."

ఆమె పట్టుకుని చూసింది. వాన వెలుగులో కూడా ఆ ఎరుపు మండింది. అతడన్నది నిజమే. నిజమని మాత్రం చెప్పలేదు.

కమలవ్వ చాయ్ తెచ్చింది. గోడ చూసి మురిసింది. "గురువారం కరీంనగరోళ్లు వచ్చేసరికి మెరవాలె బిడ్డ."

"కరీంనగరోళ్లెవరత్తా?"

కమలవ్వ కొడుకు వైపు చూసింది. కొడుకు సుత్తె వైపు చూశాడు.

"ఇల్లు చూడవస్తున్నరు," మెల్లగా అన్నాడు. "నాకు సంబంధం."

సక్కు చాయ్ తాగింది. కప్పు కింద పెట్టింది. ఇంకో చట్రం తీసుకుంది.

"దీన్ని జర పైకి పట్టు."

"సక్కూ, నాకిష్టం లేదు."

"నాకెందుకు చెప్తున్నవు? మీ బాపుకు చెప్పు."

"బాపు ముందట నాకు నోరు రాదు."

"బడిల పిల్లల ముందట వస్తదా?"

"వస్తది."

"అయితె మీ బాపును బడిల చేర్పియ్యి."

అతడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. చివరి మేకు దాకా తనే కొట్టింది. కమలవ్వ చాటుగా, "ఇగ చాలు తీయి బిడ్డ, ఇంటికి పో," అంటే, "సగంల పోతె ఏడ్చుకుంట పోయిందంటరు. నేను ఏడ్వనత్తా," అన్నది.

గురువారం కరీంనగరం నుంచి పిల్ల తండ్రి హనుమండ్లు వచ్చాడు. అడవి కాంట్రాక్టరు, జరీ కండువా, వెంట ఇద్దరు పెద్దమనుషులు. ఆయనకు ఎనిమిదిమంది సంతానం. వంటింట్లో కమలవ్వకు సాయంగా సక్కు వచ్చింది. పిలిస్తే రాలేదనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

దివాన్‌ఖానలో కుర్చీలు జరిగిన చప్పుడు. మర్యాదలు.

"గిదేంది రాజం?" హనుమండ్లు గొంతు.

"గోడకు అలంకారం. కొత్త ఫ్యాషను."

"అలంకారమా? నన్నెక్కిరిస్తున్నవా?"

సక్కు తలుపు దగ్గరికి వచ్చి చూసింది. గోడ నడుమ ఆమె ఎర్ర ముక్కోణం తలకిందులుగా ఉంది. కొన కిందికి. ఆ ఎండాకాలం ఊరూరా తిరిగిన దవాఖాన జీపు మీద ఉన్నదీ అదే గుర్తు. ఇద్దరో ముగ్గురో చాలు, ఇక ఆపండని చెప్పే కుటుంబ నియంత్రణ గుర్తు. ఆ జీపు హనుమండ్లు ఇంటి ముందే ఒక పూటంతా నిలబడి మైకు పెట్టిందని కరీంనగరమంతా నవ్వింది.

"నాకు ఎనిమిదిమంది," హనుమండ్లు లేచాడు. "దాచుకునేది లేదు. పెండ్లి కాకముందే పిల్లలు వద్దని గోడకు బోర్డు కట్టుకున్న ఇంట్ల నా బిడ్డనియ్య."

"అయ్యో, అది బోర్డు కాదు!" లక్ష్మీరాజం చేతులు జోడించాడు. పక్క పెద్దమనిషి నవ్వు ఆపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు. హనుమండ్లుకు ఇంకా మండింది.

లక్ష్మీరాజం చూపు తలుపు దగ్గరున్న సక్కు మీద పడింది. "ఇది చేసిన పని! ఓర్వలేక చేసింది. మగ్గం గుంటల పుట్టిన బుద్ధి యాడికి పోతది?"

"నువ్వు యాడ పుట్టినవు మామా?" అన్నది సక్కు.

లక్ష్మీరాజం చెయ్యి లేచింది.

"బాపూ!"

అంబదాసు లేచి నిలబడ్డాడు. మొహం సున్నంలా ఉంది. "తిప్పింది నేను. తెల్లారంగనే తిప్పిన. నాకీ సంబంధం వద్దు. నాకు సక్కు కావాలె."

హనుమండ్లు మనుషులు జోళ్లు వేసుకున్నారు. వాళ్ల జీపు బజారు దాటింది.

అంబదాసు సక్కు వైపు చూశాడు. బహుమానం కోసం చూసినట్టు చూశాడు.

ఆమె నేరుగా గోడ దగ్గరికి వెళ్లి ముక్కోణాన్ని దించింది. "నన్నడిగి తిప్పినవా?"

"సక్కూ, నీ కోసమే గద..."

"నా కోసమైతె నోటితోని చెప్పేటోనివి. నోరు రాక నా నేతతోని చెప్పించినవు. మాటలు మాత్రం నేను పడ్డ."

"తప్పే. ఏం చెయ్యాలె చెప్పు."

"పిల్ల కావాలంటె పిల్ల ఇంటికి వచ్చి అడుగుతరు. మీ బాపును తోలుకొని రా. ఆయన అడగాలె, నువ్వు అడగాలె. అప్పటిదాక మా సందుల కనబడకు."

చట్రం చంకన పెట్టుకుని వానలో వెళ్లిపోయింది. గొడుగు ఇస్తానని కమలవ్వ వెంటపడితే, తీసుకోలేదు.

ఒకసారి తెరిచిన నోరు అంబదాసు మళ్లీ మూయలేదు. అన్నం ముందు అదే మాట, దుకాణంలో అదే మాట. గోడ మీది మిగతా చట్రాలను లక్ష్మీరాజం పీకించబోతే అడ్డం నిలబడ్డాడు. "గవి పోతె నేను గూడ పోత. మంచిర్యాలల కిరాయికి ఉంట." కమలవ్వ కొడుకు పక్కన చేరి, మొగనితో మాట్లాడడం మానేసింది.

లక్ష్మీరాజం వాటికి లొంగే మనిషి కాదు. కానీ కథ కరీంనగరం దాటి జగిత్యాల చేరింది. బజారులో ఆయన ఇంటికి ముక్కోణమిల్లు అని పేరు పడింది. కదిలించిన సంబంధమల్లా నవ్వి వెనక్కు పోయింది. ఆయన మనసు మారి కదల్లేదు. దారి లేక కదిలాడు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, లక్ష్మీరాజం సాంబయ్య గడప ముందు తల వంచాడు. దర్వాజ చిన్నది, వంచక తప్పదు. వెనకాల అంబదాసు, చూరు కింద.

సాంబయ్య మగ్గం ఆపలేదు. "ఎవలు?"

"నేను బావా."

"ఏ నేను?"

"రాజాన్ని."

"అట్లనా. మీ అక్క పోయినంక చూపు తగ్గింది. మనుషులను గుర్తువడ్త లేను."

లక్ష్మీరాజం కూర్చుందామని చూశాడు. ఎవరూ పీట వేయలేదు. "పిల్లను అడుగుదామని వచ్చిన."

"పిల్ల అగో, కండెలు చుడుతున్నది. దాన్నే అడుగు."

సక్కు రాట్నం ముందు నుంచి లేవలేదు. "మామా, కోడలు కావాలని వచ్చినవా? సంబంధాలు దొరుకుత లేవని వచ్చినవా?"

లక్ష్మీరాజం కండువా నుంచి నీళ్లు కారుతున్నాయి.

"దొరుకుత లేవనే," అన్నాడు.

"నిజం చెప్పినవు. అబద్ధమాడితె లేపి పంపేదాన్ని. కని ఆ రోజు నువ్వన్న మాట నేను మరువ. మరువుమని అడగకు."

"అడగ."

"నీకు కోడలని నేను రాను. వస్తే బావకు పెండ్లాంగ వస్త. మొదాలు బావ అడగనీ."

అంబదాసు చూరు కింద నుంచి లోపలికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. ఏదో అన్నాడు. సాంబయ్య మగ్గం టకటకలో అది కొట్టుకుపోయింది.

"వినపడలే," అన్నది సక్కు.

మళ్లీ అన్నాడు.

"వినపడలే బావా. బడిల గట్లనే చెప్తవా పాఠం?"

అంబదాసు ఊపిరి పీల్చుకున్నాడు. "సక్కూ! నన్ను చేసుకుంటవా?"

ఆ అరుపుకు సాంబయ్య మగ్గం ఆగింది. తర్వాత పక్కింటిది. ఎదురింటిది. సందు పొడుగునా ఒకటొకటిగా మగ్గాలన్నీ ఆగాయి. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. కిటికీల్లోంచి, తలుపుల్లోంచి తలలు బయటికి వచ్చాయి.

సక్కు లేచింది. చీర మీది నూలు పోగులు దులుపుకుంది. మామను దాటి, బావను దాటి, గడప దాకా వచ్చి వాడంతటికీ వినపడేలా చెప్పింది.

"చేసుకుంట! ఇన్నరు గదా, ఇగ నేసుకోండ్రి."